వీరవేణి మేడం గారి గిన్నె

మన వీధిలో ఎవరింట్లో కష్టమొచ్చినా ముందుగా వచ్చి కూర్చునే మనిషి కోసం, ఈరోజు మనందరం వచ్చి కూర్చున్నామండి. జగన్నాథరావు గారూ, మీ భార్య వీరవేణి మేడం గారి గురించి మీ ముందు పక్కింటి సత్యకుమారి మాట్లాడటం ఏంటి? కానీ మన రెండిళ్ల మధ్య పిట్టగోడ మీదుగా ఏళ్ల తరబడి కూరగిన్నెలు నడిచాయి. ఆ చనువుతో మాట్లాడుతున్నాను.

కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మేడం గారికి వేడి కూర ప్లాస్టిక్‌లో పోస్తే పడేది కాదు. మన కర్రీ పాయింటు చిట్టియ్య పొగలు కక్కే సాంబారు కవర్లో పోసి ముడేస్తుంటే, ఆవిడ స్టీలు క్యారియరు పట్టుకుని నిలబడేవారు. అతను విసుక్కున్నాడు, నసిగాడు. ఆఖరికి ఏమైంది? గిన్నె తెచ్చుకున్నవాళ్లకి ఒక గరిటె ఎక్కువని బోర్డు పెట్టాడు. చిట్టియ్యా, అక్కడ వెనకాల నిలబడ్డావు, అవునా కాదా?

మా అమ్మాయి దుర్గాశ్రీ ఓణీల ఫంక్షనుకి నేను రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు పంచిపెట్టాను. మేడం గారు నవ్వుతూ తీసుకున్నారు. మర్నాడు చూస్తే వాటినిండా సూదులూ దారాలూ! "నీ మర్యాద రోజూ వాడుకుంటానమ్మా. అన్నం మాత్రం పెట్టను" అన్నారు.

తర్వాత పిల్లకి నెలసరి తప్పుతుంటే డాక్టరు హార్మోన్ల తేడా అన్నారు. ఇన్నాళ్లూ అలాంటి డబ్బాల్లోనే దానికి అన్నం పెట్టబట్టేనా అని మేడం గారి దగ్గర ఏడ్చాను. ఇంకొకరైతే నేను ముందే చెప్పలేదా అనేవారు. ఆవిడ అన్నారా? "ఒక్కదాని మీదే నేరం మోపకూడదమ్మా. వేడి తగిలితే ప్లాస్టిక్ కంటికి కనపడని ముక్కలు వదులుతుంది. అందులో ఉండే కొన్ని రసాయనాలు హార్మోన్లకి అడ్డొస్తాయి. మనకి ఎంత చేటో ఇంకా తేలుస్తున్నారు. అది తేలేదాకా గిన్నె మార్చడానికి మనకేం బరువు?" అన్నారు. అని ఊరుకోలేదు, డాక్టరు దగ్గరికి ప్రతిసారీ తోడొచ్చారు.

ఆవిడ గిన్నెల మీద పేరు చెక్కి ఉంటుంది. డబ్బా అయితే పారేస్తాం. గిన్నె అయితే తిరిగివ్వాలి, అదీ ఖాళీగా ఇవ్వకూడదు. అలాగే కదండీ మనం ఒకరి గడప ఒకరం తొక్కుతూ వచ్చాం? పనసపొట్టు కూరతో వచ్చిన ఆఖరి గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఈ వారమంతా ఆ గోడ వైపే చూస్తున్నాను. సత్యా, నా గిన్నేదే అని ఒక్కసారి పిలిస్తే బాగుండును. చాలా బెంగగా ఉందండి.

ఇవాళ ఆ గిన్నె తెచ్చాను. ఆవిడకిష్టమైన పాలతాలికలు వండి తెచ్చాను. ఇదిగో, ఫొటో ముందు పెడుతున్నాను. ఎప్పుడు గిన్నె ఇవ్వబోయినా గోడ దగ్గర గంటసేపు మాటల్లో పడిపోయేవాళ్లం. దయచేసి అందరూ లేచి నిలబడండి. ఈ ఒక్కసారి, ఏమీ మాట్లాడకుండా ఇచ్చేద్దాం.