బేబీరాణి గారు వండనివ్వని సొర

1990 ఆగస్టు పదమూడో తేదీన పోర్ట్‌బ్లెయిర్ మత్స్యశాఖలో క్షేత్ర సహాయకురాలిగా అడుగుపెట్టిన శ్రీమతి బేబీరాణి గారు, ముప్పై అయిదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారంటే మా కార్యాలయంలో ఎవరికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఎదురొడ్డునున్న బాంబూఫ్లాట్‌లో మత్స్యకార కుటుంబంలో పుట్టిన ఆమె, పొద్దున్నే ఫెర్రీ దిగి తిన్నగా చేపల జెట్టీకే వెళ్ళేవారు. ఆఫీసు ఆ తరువాతే.

పదోన్నతులు వచ్చాయి, బదిలీలూ వచ్చాయి. ఆమె పట్టుదల మాత్రం కదలలేదు. బారెడైనా పెరగని ఒక బూడిదరంగు చిన్న సొరచేప అంతరించిపోతోందని, ప్రాణంతో వలలో పడితే వదిలేయమని రేవురేవునా బతిమాలారు, కసిరారు, టీ తాగుతూ నచ్చజెప్పారు. అందరూ తలూపేవారు. కానీ బాలింతకు సొర పుట్టు, అదే సొరచేప పొడికూర, పెడితేనే పాలు పడతాయన్న నమ్మకం ముందు ఆ తలూపులు ఏపాటివి?

మూడేళ్ళ క్రితం ఆ పరీక్ష ఆమె ఇంటికే వచ్చింది. కుమార్తె శ్రీలక్ష్మి ప్రసవించింది గాని పాలు పడలేదు. పసిగుడ్డు ఏడుపు వినలేక బేబీరాణి గారి అత్తగారు ఎరుకమ్మ గారు సొర తెమ్మని ఒకటే పోరు. సంగతి తెలిసిన జెట్టీ పడవవాడు జోగులు, ఎంతో అభిమానంతో, ఆ సొరనే ప్రాణంతో నీళ్ళ డబ్బాలో వేసుకొచ్చాడు. జెట్టీ అంతా చూస్తోంది. తీసుకుంటే ఇన్నేళ్ళ మాట నీళ్ళపాలు. కాదంటే ఇంట్లో మనవరాలి ఆకలి.

"తీస్కో దీదీ, పాప కోసమే పట్టుకొచ్చేను. నిన్నెవులడుగుతారు?"

ఆమె నిజంగానే చేయి చాచారు. అంతలో డబ్బాలో నీళ్ళు కదిలాయి. జానెడు పిల్ల ఒకటి, దాని వెనుకే మరొకటి. సొర ఈనుతోంది! చాచిన చేయి ఆమె వెనక్కి తీసుకున్నారు.

"ఇదీ బాలింతే భయ్యా. దీన్నొండి నా కూతురికెలాగ పెట్టేది? జల్దీ పడవ తియ్యి."

చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆమే ముందు పడవెక్కారు. రేవు దాటాక డబ్బా వంచగానే తల్లి ఒక్క ఉదుటున లోతుకు పోయింది. పిల్లలు కాస్త తడబడి అవీ జారుకున్నాయి. ఆమె చప్పట్లు కొట్టారు, వెంటనే ఏడ్చేశారు.

ఇంట్లో అత్తగారు మాట మానేశారు. డాక్టరమ్మ చెప్పినట్టు బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పట్టించగా, మర్నాటికి పాలు పడ్డాయి.

మొన్న మీటింగు మధ్యలో జోగులు ఫోను చేశాడు.

"కోడలు కనీసింది దీదీ. వల్లో సొర పడితే ఒగ్గీసేను. డాక్టరమ్మ నీకేటి చెప్పిందో మా ఇంటిదానికి చెప్పు."

బేబీరాణి గారు పట్టలేని ఆనందంతో లేచి నిలబడి, అందరి ముందే, బిడ్డను ఎలా పట్టించాలో వివరంగా చెప్పారు.

మేడమ్ గారూ, ఇలాంటి ఫోన్లు ఇకముందూ మీకే వస్తాయి. అవన్నీ ఎత్తడానికి మీరు నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా, ఇదే గట్టి గొంతుతో ఉండాలి.