వంతెనకు ఇవతల

మంచు పరిశీలన కేంద్రంలో తన బల్ల దగ్గర కోడలు. కొండదారి ఎక్కుతున్న బస్సులో, కుట్టు క్లాసు స్నేహితురాళ్లతో అత్తగారు. ఇద్దరి మధ్యా ఫోన్.

"దిగమంటే ఎలా దిగుతానమ్మాయ్? బస్సు నడుస్తోంది."

"నడుస్తున్న బస్సులోంచి దూకమనడం లేదత్తయ్యా. డ్రైవర్ చేత ఆపించమంటున్నాను. వంతెన ఇంకా దాటలేదు కదా?"

"ఏ వంతెన? ఒసేయ్, కాస్త పాట ఆపండే, కోడలు ఫోన్ చేసింది. ఆఁ, చెప్పు."

"వాగు మీది వంతెన. ఇనప కమ్మీలది."

"ఇంకా రాలేదు. కిటికీలోంచి ఎంత బాగుందనుకున్నావు! కొండంతా పిండి ఆరబోసినట్టు తెల్లగా ఉంది."

"మీకు తెల్లగా ఉంది. నాకు నల్లగా ఉంది."

"నీ కళ్లకేమొచ్చిందే?"

"నా కళ్లకేం కాలేదు. ఉపగ్రహంలో రాడార్ ఉంటుంది. మబ్బు పట్టినా, చీకటి పడినా అది కొండని చూస్తుంది. పొడి మంచయితే అది పంపిన తరంగం తిరిగొచ్చి బొమ్మలో వెలుగ్గా కనబడుతుంది. మంచులో తడి చేరిందా, ఆ తడి తరంగాన్ని మింగేస్తుంది, బొమ్మ నల్లబడుతుంది. ఈ ఉదయం బొమ్మలో శిఖరం దాకా నలుపే."

"అంటే ఆకాశంలోంచి మమ్మల్ని చూస్తున్నావా?"

"మంచుని చూస్తున్నాను."

"మా బస్సు కనబడుతోందా? ఎర్రది."

"కనబడదత్తయ్యా."

"ఒసేయ్ దర్జీ, చెయ్యి లోపల పెట్టుకోవే, కనబడదట. పాపం, నీకోసమే ఊపుతోంది."

"నవ్వకండత్తయ్యా. పైన మంచు మీద వెచ్చటి వాన పడింది. కరిగిన నీళ్లన్నీ ఏ వాగులోకి, ఎప్పటికి దిగుతాయో లెక్కగట్టే మోడల్ ఉంది మా దగ్గర. అందులో ఈ బొమ్మ వేస్తే, మధ్యాహ్నం లోపే వాగు వంతెన మీదుగా పారుతుందంటోంది."

"అంటోందా, అనుకుంటోందా?"

"అనుకుంటోంది. కానీ గట్టిగా అనుకుంటోంది."

"మొన్న కూడా గట్టిగానే అనుకుంది. వానొస్తుందని ఆరేసిన బట్టలన్నీ లోపలేసుకుని కూర్చుంటే ఎండ దంచికొట్టింది."

"అది వాతావరణం వాళ్ల మాట. నాది మంచు."

"మరి రోడ్డు మూసెయ్యమని రోడ్ల ఆఫీసువాళ్లకి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. అధికారి మీటింగులో ఉన్నాడట, ఆయన సంతకం లేనిదే గేటు దించరట. కెమెరాలో చూశాం, రోడ్డు శుభ్రంగానే ఉంది కదమ్మా అన్నాడు గుమస్తా. మా పెద్దసారు ఆ అధికారిని వెతుక్కుంటూ స్వయంగా వెళ్లారు. ఈలోగా మీరు వంతెన మీదకి వచ్చేస్తారు. అసలు ఇవాళే వెళ్లాలని ఏముంది? రేపు వెళ్లకూడదా?"

"రేపు కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"పైన సరస్సు దగ్గర గది ఇవాళకే దొరికింది."

"ఈ కాలంలో ఆ సరస్సు దగ్గర గదులన్నీ ఖాళీగానే ఉంటాయి."

"చలికి చెవులు సరిగ్గా వినబడ్డం లేదమ్మాయ్."

"మామయ్యగారు పోయాక మీరు గడప దాటడం లేదని పోరింది నేనే. ఎక్కడికైనా వెళ్లి రండి, నలుగురిలో పడండి అన్నది నేనే. అలాంటిది నేనే ఆగమంటున్నానంటే ఎంత భయంగా ఉందో చూడండి. మీకేమైనా అయితే మీ అబ్బాయికి ఏమని చెప్పను? నన్ను నమ్మొద్దు, పోనీ. నా కోసం కాసేపు ఆపించండి."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ముక్కు ఎగబీలుస్తున్నావు."

"జలుబు."

"సరే, ఉండు. బాబూ, డ్రైవరూ, కాస్త ఆపుతావా? ఆపనంటున్నాడే. పైకెళ్లాకే ఆపుతాడట. ఉపగ్రహం అన్నాను, కోడలన్నాను. పకపకా నవ్వాడు."

"కడుపులో తిప్పుతోందనండి."

"అదీ అయింది. చేతికో సంచి ఇచ్చాడు."

"అయితే ఇంకెలా?"

"ఉండు, ఉండు, తట్టింది. అయ్యో, నా దుద్దు! బాబూ, కిటికీలోంచి పడిపోయింది, వజ్రాల దుద్దు..."

"మీకు వజ్రాల దుద్దులెక్కడివి?"

"నోర్మూసుకోవే. ఆగింది."

"ఆగిందా? నిజంగా?"

"ఆగింది. అందరూ దిగుతున్నారు. దర్జీ మోకాళ్ల మీద కూర్చుని మంచులో వెతుకుతోంది, పిచ్చిది, నిజంగానే పోయిందనుకుంటోంది. గడియారాలాయనేమో డ్రైవర్ని టార్చి వెయ్యమంటున్నాడు, పట్టపగలు."

"గడియారాలాయనెవరు?"

"గడియారాలు బాగుచేసే ఆయన. మన వీధి చివరి కొట్టు."

"మీ కుట్టు క్లాసు ఆడవాళ్ల మధ్య ఆయనకేం పని?"

"సిగ్నల్ పోతోందమ్మాయ్."

"నాకు స్పష్టంగా వినబడుతోంది."

"ఇక్కడ పోతోంది. అదిగో, డ్రైవర్ ఎక్కమని అరుస్తున్నాడు. ఫరవాలేదులే. బస్సు తాళం ఇప్పుడు గడియారాలాయన జేబులో ఉంది."

"తాళం కాజేశారా? పోలీసుల్ని పిలుస్తాడత్తయ్యా."

"పిలవనీ. వాళ్లు రావడానికీ టైం పడుతుంది కదా. వాగుకి బాగా ఎత్తు మీదే ఉన్నాం, పక్కనే టీకొట్టు. పొయ్యి దగ్గర వెచ్చగా ఉంది. నువ్వెళ్లి నీ మోడల్ ఏమనుకుంటోందో చూసుకో."

మధ్యాహ్నం అత్తగారే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, విన్నావా?"

"ఇప్పుడే తెలిసింది. వంతెన..."

"నేను చెబుతానుండు, చూసింది నేను. ముందు చప్పుడొచ్చింది. లారీ అనుకున్నాం. ఎంతసేపటికీ రాదే ఆ లారీ! మలుపు దాకా వెళ్లి చూద్దుము కదా, వాగు వంతెన మీదకెక్కేసింది. గడ్డలు గడ్డలుగా మంచు, వేళ్లతో సహా చెట్లు, బురద. కమ్మీలు పుల్లల్లా వంగిపోయాయి. మా డ్రైవర్ అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాడు. కాసేపటికి లేచి, మీ కోడలు ఏం చదువుకున్నారండీ అనడిగాడు."

"అవతలివైపు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. రెండువైపులా గేట్లు దించేశారటగా."

"పెద్దసారు ఆ అధికారిని మీటింగులోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారట. ఇప్పుడు ఇక్కడ కుర్చీ ఎక్కి ఈల వేస్తున్నారు. అందరూ నా బల్ల చుట్టూ గంతులేస్తున్నారు."

"నువ్వేం చేస్తున్నావు?"

"నవ్వుతున్నాను. ఏడుస్తున్నాను. ఏదీ ఆగడం లేదు."

"ఇక్కడా అంతే. దర్జీకి నవ్వీ నవ్వీ వెక్కిళ్లు పట్టుకున్నాయి."

"ఇక ఇంటికొచ్చేయండత్తయ్యా. సరస్సు ఎక్కడికీ పోదు. ఈసారి నేనూ వస్తాను."

"ఆ సరస్సుతో ఇక పని లేదులే."

"అదేమిటి, ఇన్నాళ్ల నుంచీ ఒకటే కలవరించారు?"

"మేం మంచు చూడ్డానికి బయల్దేరలేదు తల్లీ. రిజిస్ట్రారునీ వెంటబెట్టుకునే వచ్చాం. ఆయనా మంచివాడే. సరస్సు ఒడ్డయితేనేం, టీకొట్టు బల్లయితేనేం అన్నాడు. దర్జీ వెక్కుతూనే సాక్షి సంతకం పెట్టింది."

"సాక్షి సంతకమా? దేనికత్తయ్యా? అత్తయ్యా, ఉన్నారా?"

"ఉన్నాను. మీ మామగారు పక్కనే ఉన్నారు, ఫోనిస్తున్నాను. కాస్త సిగ్గరి, నువ్వే ముందు పలకరించు."