పండుకున్న చిప్పు

సిద్దిపేటలో వడ్ల తేమ చూసే మీటర్లు తయారుచేసే చిన్న షెడ్డు. బయట ట్రాలీ ఆటో నిండా సరుకు ఎక్కింది. తనిఖీ చేసే ఇంజనీరు స్వరూప మాత్రం యజమాని గజేందర్ చాపిన పెన్ను ముట్టుకోలేదు.

“పెట్టను సార్.”

“ఏంది పెట్టను? పాస్ అని రాసి సంతకం పెట్టనీకి ఏమైతది స్వరూపా? ఆటో ఆగింది బయట.”

“మీటర్ తప్పు చూపిస్తుంది.”

“మొన్న నువ్వే ఈ బల్ల మీద పెట్టి చూసినవ్ గద! అన్ని మంచిగనే చూపించినయ్.”

“ఈడ చల్లటి వడ్లు పోసి చూసిన. కల్లంల గట్ల ఉంటయా? మనం ట్రయల్‌కిచ్చిన మీటర్ చూద్దామని నిన్న దౌల్తాబాద్ దిక్కు పోయిన. తారు రోడ్డు మీద ఎండబోసిన వడ్లు గట్లనే ఎత్తి మీటర్ల పోస్తున్రు. చెయ్యి పెడ్తే కాలుతున్నయ్. పంటికింద వేస్తే పటుక్కుమంటున్నయ్. మన మీటరేమో పచ్చిగున్నయంటది.”

“వేడికి వేరే చిప్పు ఉండె గద?”

“గదే సార్ లొల్లి. తేమ చూసే చిప్పు, వేడి చూసే చిప్పు, రెండు ఒకటే తీగె మీదున్నయ్. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి షట్‌డౌన్‌ల ఉంటది.”

“మరింకేంది? ఆఫ్ అంటే ఆఫ్. బటన్ బంద్ చేసినంక ఫ్యాన్ తిరుగుతదా?”

“ఫ్యాన్ కాదు సార్ అది. షట్‌డౌన్ అయితే బయటికిచ్చుడు బంద్ చేస్తది, గంతే. లోపలికి తీసుకునే రెండు కాళ్ళు తీగెలకు అతుక్కునే ఉంటయ్. ఆ రెండిటి నడుమ, చిప్పు ఖరాబ్ కాకుండ, ఎక్కువైన కరెంటుకు దారిచ్చే డయోడ్లుంటయ్. వోల్టేజీ తేడా పెరిగిందంటే, చిప్పు పండుకున్నా సరే, వాటిల్ల నుంచి కరెంటు పారుతది. వేడి వడ్లు పోస్తే ఆ తేడా పెరుగుతది. పోయి పోయి తేమ లెక్కల కలుస్తది.”

“ఎంత కలుస్తది? జరంత.”

“ఆ జరంతకే వడ్లు కొనే సెంటర్ల బస్తాలు ఆగిపోతున్నయ్. బుచ్చిరాములు అని ఒక రైతు. సెంటరోళ్ళు మళ్ళ ఎండబెట్టుమన్నరు. మళ్ళ పోసిండు రోడ్డు మీద. పొద్దుగూకంగ వాన దంచింది. కుప్ప కిందికెల్లి నీళ్ళు పారుతుంటే చేతులతోని ఎత్తుతుండు. గాడ నిలబడనీకి నాకు సిగ్గయింది సార్.”

“వాన నేను పడగొట్టిన్నా?”

“వాన మీది కాదు. మీటర్ మీది.”

“ఇంజనీరు చదివినవ్ గని లోకం తెల్వది నీకు. తేమ తక్కువ చూపిస్తే కొనేటోళ్ళు నా మీద పడ్తరు. ఎక్కువ చూపిస్తే ఎవలడుగుతరు?”

“ఏమన్నరు?”

“ఏం లే.”

“అంటే మీకు ముందుగాల్లనే ఎరుక.”

“చూడు చెల్లె...”

“చెల్లె అంటే సంతకం పడదు సార్. చిప్పు ముందట చిన్న స్విచ్చు పెడ్తే, అది పండుకున్నప్పుడు తీగెతోని సంబంధం పూరాగ తెగుతది. జర ఆగున్రి, నేనే పెడ్త అన్నిట్లకు.”

“ఆగితే ఆర్డర్ వేరేటోడు ఎత్తుకపోతడు. షెడ్డుకు తాళం పడ్తది. నీ నౌకరి కూడ గందుట్లనే ఉంది, యాదుంచుకో.”

“పోతే పోనియ్యున్రి నౌకరి.”

“గంత పొగరా?”

“పొగరే అనుకోన్రి. ఆయన వడ్లు తడిసినంక నా నౌకరి ఏమైతే ఏంది?”

“సరే. నువ్వు పెట్టకుంటే నేనే పెడ్త. ఇగో, పెట్టిన. చూసినవా? అయిపాయె! రేపటి సంది రాకు.”

“ఆఖరుసారి అడుగుతున్న సార్. ఆపుతరా, ఆపరా?”

“ఆపను! పో, ఎవలకు చెప్పుకుంటవో చెప్పుకో.”

“ఎవలకెందుకు చెప్పుడు? పోనియ్యున్రి ఆటోను. ఆ మీటర్లన్ని ఉత్త డొల్లలు. చిప్పులు పొద్దుగాల్లనే ఊడబీకిన.”