కన్నీళ్ళ డ్యూటీ

అధ్యక్ష స్థానంలో ఉన్న వెంకటరామారావు గారికి, బూర్గంపాడు పెద్దలకు, తోటి టీచర్లకు, కిటికీల్లోంచి తొంగిచూస్తున్న మా ఆడపిల్లలకు నమస్కారం.

రిటైరవుతున్న ఈ రోజైనా హెడ్‌మిస్ట్రెస్ గారి కళ్ళు చెమ్మగిల్లుతాయని ఆశిస్తున్నామని ఇందాక అధ్యక్షులు అన్నారు. క్షమించాలి. ఆ ఏర్పాటు నా దగ్గర లేదు. (నవ్వులు)

ఐదేళ్ళ కిందట హైదరాబాదులో డాక్టరు గారు నా కింది రెప్పల్లో చెరో కాగితం ముక్క తగిలించి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోమన్నారు. రామనామం చెప్పుకుంటూ కూర్చున్నాను. తీసి చూస్తే కాగితాలు పొడిగానే ఉన్నాయి. ఆపైన రక్తపరీక్ష కూడా చేసి, దీన్ని షోగ్రెన్ జబ్బు అంటారని, ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే పొరపాటుపడి కన్నీళ్ళూ లాలాజలమూ ఊరే గ్రంథులను ఎండగడుతోందని, వేళ్ళ కీళ్ళు బిగుసుకోవడమూ దాని పనేనని, పూర్తిగా పోదు కనుక కనిపెట్టుకుని నడుపుకోవాలని చెప్పారు. నాకు తోడొచ్చిన మన ఆయా జంపక్క అదంతా విని ఒక్క ముక్కలో తేల్చింది: “అంటే ఫారెస్టు గార్డు సొంత బండినే పట్టుకుని కేసు రాసిండన్నట్టు!”

నడుపుకుంటున్నాను. రెండు గంటలకోసారి కంట్లో చుక్కలు, గుక్క గుక్కగా మంచినీళ్ళు, పళ్ళు పోకుండా తీపి మానడం, ఫ్యానుకు ఎదురుగా కూర్చోకపోవడం. ప్రార్థనలో నేను మాటిమాటికీ గుక్క వేస్తుంటే అది ఆచమనమనుకుని ఆరో తరగతి పిల్లలంతా సీసాలు తెచ్చుకున్నారు. వద్దనలేదు. నీళ్ళే కదా.

చిక్కంతా పరామర్శల్లో వచ్చింది. అనంతమ్మ టీచరు అత్తగారు పోయినప్పుడు బడి తరఫున వెళ్ళాను. పక్కింటి ముసలమ్మ గట్టిగానే అంది: “గీమె ఏంది, చావుకొచ్చి నీళ్ళు తాగి పోతాంది!” అనంతమ్మా, నవ్వకు, పోయింది మీ అత్తగారే. (నవ్వులు) మర్నాడు స్టాఫ్ మీటింగులో తీర్మానమైంది, పుస్తకంలో ఉంది చూడండి: మేడం గారు ప్రార్థన చేయుట, జంపక్క ఏడ్చుట. ఆ డ్యూటీ ఆమె ఎంత బాగా చేసిందంటే, నిరుడు మన అటెండరు వెంకన్న తండ్రి కాలం చేస్తే కబురే ఇలా వచ్చింది: “జంపక్కను పంపుండ్రి సాలు, మేడంకు తక్లీఫ్ ఎందుకు?”

నవ్వండి. ఒక్క చోట మాత్రం నాకు నవ్వు రాదు.

పదహారేళ్ళ కిందట కల్లూరులో మా చెల్లెలు నిర్మల అప్పగింతలు. అమ్మ లేని పిల్లకు తల దువ్వి, అక్షరాలు దిద్దించి పెంచింది నేనే. పందిట్లో భజంత్రీలవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నాకు అప్పటికే కన్నీళ్ళు ఊరడం లేదు, ఎందుకో తెలియదు; మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాను. “అక్కగారికి బరువు దిగినట్టుంది” అంది వియ్యాలవారి వైపు ఒకావిడ. అది నిర్మల చెవిన పడింది. జబ్బు పేరు తెలిశాక ఉత్తరం రాసి, డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. ఒకటే వాక్యం జవాబు: “ఏడవకపోవడానికి కూడా సర్టిఫికెట్ తెచ్చుకున్నావా అక్కా?”

ఇవాళ ఇల్లందు బస్సు దిగి వచ్చి, అదుగో, వెనక తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు.

నాకు చుక్కల వేళయింది. ఈ వేళ్ళతో సీసా నొక్కలేను. రోజూ జంపక్క వేస్తుంది. కానీ ముందు వరుసలో చూడండి, నా వంతు కూడా కలిపి ఏడుస్తోంది. ఆ కళ్ళకు సీసా ఏం కనిపిస్తుంది? నిర్మలా, ఇలా రామ్మా. మంగయ్యా, ఆ ఫ్యాను కట్టెయ్యి.

(విరామం)

“పదహారేళ్ళకా నాకు ఒక పని చెప్పడం? తల పైకెత్తు” అంటోంది. మైకులో మీకూ వినపడే ఉంటుంది.

ఒక చుక్క చెంప మీదికి జారింది. తుడవకు నిర్మలా. అప్పగింతలనాటిది అనుకో.

ఇన్నేళ్ళు నన్నూ నా చెంబునూ భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. జంపక్కా, నీ డ్యూటీ అయిపోయింది, కళ్ళు తుడుచుకో. తల పైకెత్తి ఉన్నాను కనుక మీ ముఖాలు కనిపించడం లేదు. దించనివ్వడం లేదు మా చెల్లెలు. ఇలాగే చేతులు జోడిస్తున్నాను.

సెలవు.