అత్తగారి సంతకం

పొద్దున్నే ఖాళీ మైదానం. నాలుగో రోజు పాఠం. డ్రైవింగ్ స్కూలు కారు. స్టీరింగు ముందు అత్తగారు, పక్క సీట్లో ఆ స్కూలు నడిపే అల్లుడు.

"క్లచ్ నెమ్మదిగా వదలండి అత్తయ్యా. నెమ్మదిగా. అది కుట్టుమిషను కాదు, అలా గబగబా తొక్కడానికి."

"ఇన్నేళ్ళూ మిషను తొక్కిన కాళ్ళు బాబూ ఇవి. వీటికి తెలిసింది అదొక్కటే."

"అదిగో, ఆగిపోయింది."

"నేనేం చెయ్యలేదే! దానంతటదే ఆగింది."

"ఫర్వాలేదు. గేరు తీసేసి మళ్ళీ తాళం తిప్పండి. ఆఁ, చూశారా, వచ్చేసింది. ఇప్పుడు మొదటి గేరు. ఆ గోల్‌పోస్టు దాకా తిన్నగా పోనివ్వండి."

"ఎవరైనా అడ్డమొస్తే?"

"ఎవరొస్తారు ఇక్కడికి? వచ్చినా నా కాలి కింద ఇంకో బ్రేకుంది. మీకేం భయం లేదు."

"ఆ కాలే వణుకుతోంది."

"ఎవరిదీ, నాదా?"

"ఇందాకట్నుంచీ చూస్తున్నాను. రాత్రి నిద్రపోయారా?"

"పోయాను. పోయాను అత్తయ్యా. ముందు చూడండి, నన్ను కాదు."

"వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. 'అత్తయ్యా, ఒక మాట' అంటారు. ఏమిటి బాబూ అంటే 'అద్దం చూసుకోండి' అంటారు."

"అద్దం చూసుకోవడం కూడా నేర్చుకోవాలి కదా."

"నేర్చుకున్నాను. వెనకాల ఏమీ లేదు. చెప్పండి."

"ఆ చివర ఎడమకి తిప్పండి."

"మీ దగ్గర ఆడవాళ్ళకి నేర్పే మేడమ్ ఉండేది కదా, ఆవిణ్ణి పంపిస్తారనుకున్నాను. అత్తగారికి అల్లుడు కారు నేర్పడమేమిటని మీ మామయ్య ఒకటే నవ్వు."

"ఆవిడ సెలవులో ఉంది."

"సెలవా? మొన్న మందుల షాపులో కనబడింది. వేరే చోట చేరానంది."

"ఎందుకు మానేసిందో చెప్పిందా?"

"చెప్పలేదు. 'సారు చాలా మంచివారండీ' అంది. ఎంత జీతం బాకీ ఉంటే అంత మంచివారంటారు, నాకు తెలుసు. నేను కుట్టుషాపు నడిపినప్పుడు మా టైలర్లూ నన్ను అలాగే అనేవాళ్ళు, జీతాలు ఆలస్యమైన నెలల్లో."

"అత్తయ్యా, ఆపండి."

"గోల్‌పోస్టు ఇంకా రాలేదుగా?"

"ఇక్కడే ఆపండి. బ్రేకు. హ్యాండ్‌బ్రేకు నేను లాగుతాన్లెండి. ఇంజను కూడా ఆపేయండి."

"ఆపాను."

"ఎండ మీ వైపు కొడుతోందా? కాస్త నీడలో పెట్టమంటారా?"

"ఎండ సంగతి నేను చూసుకుంటాను."

"పోయిన వారం ఒక లాయరు దగ్గరికి వెళ్ళాను."

"లాయరా? ఏం, మా అమ్మాయి ఏమైనా..."

"అయ్యయ్యో, లేదు! అదేం లేదు. మీ అమ్మాయి బంగారం. నా బాధంతా అదే."

"హమ్మయ్య. గుండె ఆగినంత పనయింది. మరి లాయరెందుకు?"

"ఐపీ పెడదామని."

"ఏం పెడదామని?"

"దివాలా అత్తయ్యా. అప్పులు తీర్చడం నావల్ల కాదని కోర్టులో ఒప్పేసుకోవడం."

"మీరా?"

"నేనే."

"నాలుగు కార్లున్న మనిషి..."

"కొత్తవి రెండూ ఎప్పుడూ నావి కావు, ఫైనాన్సువాళ్ళవి. నాలుగు లేవు కూడా. ఆ రెండూ వాళ్ళు పట్టుకుపోయారు."

"వర్క్‌షాపులో ఉన్నాయని అమ్మాయి చెప్పిందే!"

"తనకి నేనే చెప్పాను. ఒకదానికి ఇంజను పని, ఇంకోదానికి పెయింటింగ్ అని. నిన్న అన్నం తింటూ అడిగింది, 'ఏ రంగు వేయిస్తున్నారు?' అని."

"ఏమన్నారు?"

"తెల్లదే అన్నాను."

"తెల్లదే అన్నారు."

"'ముత్యం తెలుపా, మామూలు తెలుపా' అంది. ముత్యం తెలుపన్నాను. లేని కారుకి రంగు కూడా నేనే వేశాను అత్తయ్యా."

"పేకాటా, తాగుడా? నా దగ్గర దాచకండి."

"అవేవైనా ఉంటే బాగుండేది. మానేస్తాను అని చెప్పుకోవడానికైనా ఉండేది. పక్క వీధిలో ఒక పెద్ద కంపెనీ స్కూలు పెట్టింది. ఏసీ గది, కంప్యూటర్ మీద పాఠాలు. నేను తగ్గితే జనం ఏమనుకుంటారని రెండు కొత్త కార్లు తీసుకున్నాను. నేర్చుకునేవాళ్ళు మాత్రం అటే పోయారు. వాయిదాలు కట్టడానికి ఒక క్రెడిట్ కార్డు గీకాను, ఆ కార్డు కట్టడానికి ఇంకో కార్డు. ఇప్పుడు ఫోన్ మోగితే మీ అమ్మాయి 'తియ్యండి' అంటుంది. నేను 'రాంగ్ నంబరు' అంటాను."

"తియ్యకుండానే?"

"తియ్యకుండానే."

"పాపం, అది నమ్ముతుంది."

"నమ్ముతుంది. అదే కదా."

"ఆ లాయరు ఏమన్నాడు?"

"ఆవిడ. లేడీ లాయరు. మర్యాదగానే మాట్లాడింది. లోపలికి వెళ్ళేదాకానే నరకం. బయట బెంచీ మీద వరసగా కూచున్నాం, ఎవరూ ఎవరి మొహం చూడరు. నా పక్కనాయన మా స్కూల్లో నేర్చుకున్నాయనే. నన్ను చూడగానే తలెత్తి ఫ్యాను వంక చూశాడు. నేనూ ఫ్యానే చూశాను. నా పేరు పిలిచేదాకా ఇద్దరం ఆ ఫ్యానే చూస్తూ కూచున్నాం. అది తిరగట్లేదు కూడా."

"నవ్వొస్తోంది బాబూ, ఏమీ అనుకోకండి."

"నవ్వండి. ఎవరో ఒకరు నవ్వితే బాగుణ్ణు."

"జైల్లో పెడతారా?"

"లేదట. తీర్చలేకపోవడం నేరం కాదంది. దాచడం నేరం. ఉన్నవన్నీ, ఇవ్వాల్సినవన్నీ ఒక్కటి వదలకుండా రాసివ్వాలి. కోర్టు ఒక ఆఫీసరుని పెడుతుంది. ఆయన ఉన్నవి అమ్మేసి, బాకీలవాళ్ళకి తలా కొంచెం పంచుతాడు. మిగిలింది కొన్నాళ్ళకి కొట్టేస్తారు. అప్పటిదాకా కొత్త అప్పు ఎక్కడా పుట్టదు."

"ఎవరికి కావాలి కొత్త అప్పు! ఇంట్లో సామాను కూడా పట్టుకుపోతారా?"

"కట్టుకునే బట్టలు, వండుకునే గిన్నెలు వదిలేస్తారట. పని చేసుకుని బతికే సామాను కూడా."

"అంటే కుట్టుమిషనూ అదీ?"

"మా ఇంట్లో మిషను లేదుగా అత్తయ్యా."

"ఊరికే అడిగాను. పెన్షను?"

"మామయ్యగారి పెన్షనా? దాని సంగతి నాకు తెలీదు. అడుగుతాను."

"పేపర్లో వేస్తారా?"

"వేస్తారట. వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో."

"చిన్న అక్షరాలైతే జనం కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువుతారు. పోనీ, ఇంట్లోవాళ్ళకి తెలియకుండా చేసుకోవడానికి కుదురుతుందా?"

"నేను మొట్టమొదట అడిగింది అదే. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. 'ఇంట్లో చెప్పాక రండి, అప్పుడు మొదలుపెడదాం' అంది."

"అలా అందా?"

"ఊఁ. మీ అమ్మాయికి ఇవాళ చెప్పేస్తాను. కానీ దానికన్నా ముందు మీకు చెప్పాల్సింది ఒకటుంది."

"ఇంకా ఉందా?"

"అసలుది ఇదే. ఇందుకే మిమ్మల్ని కారు నేర్చుకుందురుగాని రమ్మన్నాను. ఇంట్లో అయితే మామయ్యగారు ఎదురుగా ఉంటారు."

"నాకు తెలుసు. కారు లేనిదానికి కారు నేర్పుతానంటే ఆ మాత్రం అర్థం కాదూ?"

"తెలిసీ ఎందుకు వచ్చారు?"

"నాకూ ఇంట్లోంచి కాసేపు బయటపడాలనిపించింది. చెప్పండి."

"ఆ రెండు కార్లకీ మీరు హామీ ఉన్నారు."

"ఉన్నాను. ఫైనాన్సు ఆఫీసులో కూల్‌డ్రింకు కూడా ఇచ్చారు. సంతకం ఎక్కడెక్కడ పెట్టాలో పెన్సిలుతో టిక్కులు కొట్టి ఇచ్చారు."

"నేను ఐపీ పెడితే నా అప్పు కొట్టేస్తారు అత్తయ్యా. హామీ పెట్టినవాళ్ళది కొట్టెయ్యరు. కార్లు వేలం వేశాక ఇంకా ఎంత మిగిలితే అంతా మీ మీదికొస్తుంది. నన్ను వదిలేసి మీ తలుపు కొడతారు."

"నా తలుపా?"

"మీ ఫ్లాటు మీదికి వస్తారు."

"నాతో సంతకం పెట్టించినప్పుడు ఈ సంగతి మీకు తెలుసా?"

"తెలీదు."

"నిజంగా?"

"చదవలేదు. చదివితే తెలిసేది. చదివితే మిమ్మల్ని అడగడానికి నోరొచ్చేది కాదు, అందుకే చదవలేదేమో. మీరూ చదవలేదు. 'అల్లుడుగారు చెప్పారుగా' అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది."

"అన్నాను. నిజమే."

"ఒక పిచ్చి ఆలోచన కూడా చేశాను. మిగిలిన రెండు కార్లూ గుట్టుచప్పుడు కాకుండా అమ్మేసి, మీరు హామీ ఉన్న అప్పు మట్టుకు తీర్చేసి, ఆ తర్వాత ఐపీ పెడదామని. లాయరుతో చెప్తే తిట్టినంత పని చేసింది. ఒకళ్ళకి కట్టి మిగతావాళ్ళకి ఎగ్గొడితే దాన్ని మోసం అంటారట. కట్టింది వెనక్కి లాక్కుంటారట. మంచి చేద్దామన్నా మోసమే అయ్యేలా ఉంది నా బతుకు."

"పోనీ ఐపీ పెట్టకపోతే?"

"పెట్టకపోతే వడ్డీ పెరుగుతూ ఉంటుంది, నేను దాక్కుంటూ ఉంటాను. పోయిన వారం ఫైనాన్సు మనిషి ఇంటికొస్తే బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి కూచున్నాను. మీ మనవరాలు తలుపు తీసి 'నాన్న స్నానం చేస్తున్నారు' అంది. అరగంటయ్యాక మళ్ళీ వచ్చాడు. 'ఇంకా చేస్తున్నారు' అంది."

"అయ్యో..."

"ఆయన వెళ్ళాక తలుపు దగ్గరికొచ్చి, 'నాన్నా, వెళ్ళిపోయాడు, ఇంక రావచ్చు' అంది అత్తయ్యా. దానికి నేనేమీ చెప్పలేదు. దానంతటదే అర్థం చేసుకుంది. ఆ రోజే లాయరు దగ్గరికి వెళ్ళాను."

"ఊరుకోండి బాబూ. ఊరుకోండి. ఇదుగో, ఈ కొంగుతో... సరే, మీ రుమాలుతోనే తుడుచుకోండి."

"తిట్టండి నన్ను."

"ఏమని?"

"ఏదో ఒకటి. మీరిలా ఓదారుస్తుంటే నాకు భరించడం కష్టంగా ఉంది. నమ్మి పిల్లనిచ్చారు, నమ్మి సంతకం పెట్టారు. నడిరోడ్డు మీద నిలబెడుతున్నాను. చెంప మీద కొట్టినా పడతాను."

"ఈ స్టీరింగు ఇంతసేపు ఎందుకు పట్టుకున్నానో! ఇంజను ఆపేసి చాలాసేపయింది కదా?"

"మామయ్యగారితో కూడా నేనే చెప్తాను. ఇవాళే వచ్చి కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దు!"

"చెప్పకపోతే ఎలా? నోటీసు మీ ఇంటికే వస్తుంది."

"నోటీసులు నేనే తీసుకుంటాను. ఆయన చేతికి వెళ్ళవు."

"ఎన్నాళ్ళని?"

"గుండె కోసి కుట్టిన మనిషి బాబూ. కంగారు పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. సాయంత్రమైతే బాల్కనీలో కూచుని, 'మనకేం తక్కువ, సొంత ఇల్లుంది, ఎవరికీ బాకీ లేము' అంటారు. రోజూ అంటారు. అదే ఆయన మందు."

"ఆ మాట వింటే నాకు ఇంకా సిగ్గుగా ఉంది. మీ ఫ్లాటు దక్కే దారి ఏదైనా ఉందేమో సోమవారం అడుగుతాను. వాయిదాలుగా కట్టుకోవడానికి వాళ్ళని ఒప్పించొచ్చేమో. ఎక్కడైనా డ్రైవరుగా చేరైనా సరే..."

"సోమవారం మళ్ళీ వెళ్తున్నారా?"

"రమ్మంది."

"నేనూ వస్తాను."

"మీరెందుకు ఆ బెంచీ మీద? హామీ సంగతి నేనే మాట్లాడతాను. మీరు అక్కడ కూచోవడం నేను చూడలేను అత్తయ్యా. అంత పని నావల్ల మీకు..."

"మీవల్ల కాదు."

"నన్ను వెనకేసుకురాకండి. ఆ ఫ్లాటు పోతే..."

"ఆ ఫ్లాటులో మీరు పోగొట్టడానికి ఏమీ మిగల్లేదు బాబూ. మీ మామయ్య ఆపరేషనుకి దాన్ని తాకట్టు పెట్టాను, ఇన్సూరెన్సువాళ్ళిచ్చారని అందరితోనూ చెప్పాను, వాయిదాలు కట్టలేక చేతులెత్తేశాను. నాలుగు రోజుల్నుంచీ మీతో చెప్పుకోవాలని వచ్చి ఈ స్టీరింగు తిప్పుతున్నాను. నా ముందు మీరే ఇంత సిగ్గుపడిపోతుంటే, ఇంక నా సంగతి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"