ఆ రోజు హాజరైనవాళ్ళు

అలా గోడవైపు తిరిగితే ఎలా అక్కా? పొద్దున్నుంచీ మున్సిపాలిటీ ఆఫీసులో పడిగాపులు పడి నడుము పీకుతుంటే, ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా నీ దగ్గరికే వచ్చాను. ఇంకెవరితో చెప్పుకోను చెప్పు?

ఉండు, దిండు సర్దుతాను. నర్సమ్మ భోజనానికి వెళ్ళింది. నీళ్ళు కావాలా? తల ఊపితే చాలు, మాట కోసం అంత అవస్థ పడకు. డాక్టరేమన్నాడు? మాట వస్తే రావచ్చు, రాకపోతే... ఆయన మాత్రం ఏం చెప్తాడులే.

ఆ పిల్ల ఓడిపోయిందక్కా. అదే, ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది, ఇప్పుడు యూనివర్సిటీలో చరిత్ర చెప్తోంది. నీకు మాట పడిపోయిన వారానికి రికార్డరు పట్టుకుని వచ్చి ఈ మంచం పక్కనే కూర్చుంది చూడు, ఆ అమ్మాయి. మూతపడ్డ మన నూలు మిల్లుని పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు కదా. పత్తి గోదాము గోడ ఒక్కటి ఉంచండి, ఆనాటి మంటల్లో పోయిన పదకొండు మంది ఆడవాళ్ళ పేర్లు దాని మీద రాయనివ్వండి అని అర్జీ పెట్టింది. అంతే. ఒక్క గోడ!

మిల్లు కంపెనీ లాయరు లేచి సంచీలోంచి ఏం తీశాడనుకున్నావు? నా పుస్తకం! మిల్లుకి యాభై ఏళ్ళు నిండినప్పుడు నేను రాసిన మిల్లు చరిత్ర. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు.

"పోయింది నలుగురే. మిగతా ఏడుగురూ ఆ రోజు పనిలోకే రాలేదు. గోదాము తలుపు తీసే ఉంది. ఇది మేం చెప్పేది కాదండీ, చరిత్ర లెక్చరరు గారు రాసింది" అని పేజీ నంబరుతో సహా చదివాడు. ఆ లెక్చరరు గారెక్కడున్నారు? మూడో వరుసలో, ఫ్యాను కింద తల దించుకుని కూర్చున్నారు.

లేచానక్కా. లేవలేదనుకోకు. "అయ్యా, నేను రాసింది తప్పు. పదకొండు మంది పోయారు. తలుపుకి బయట తాళం వేశారు" అన్నాను. ఆఫీసరు మంచివాడే, చిన్న వయసు. "ఆధారం ఏముంది మాస్టారూ?" అన్నాడు.

"మా అక్క. కళ్ళారా చూసింది."

"అయితే ఆవిణ్ణి తీసుకురండి, చెప్పించండి."

ఏమని చెప్పను? మా అక్కకి పక్షవాతం, నోట మాట లేదు, కుడిచెయ్యి లేవదు, లేచినా వేలిముద్రే అని చెప్పాను. పోనీ పేర్లయినా చెప్పండి అన్నాడు. నోరు తెరిస్తే ఏం వచ్చాయో తెలుసా? నవ్వులపిల్ల. పొడుగుజడ. కవలల తల్లి. నువ్వు పిలుచుకునే పేర్లు! వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు.

అసలు పేర్లన్నీ నాకు చెప్పావు కదా నువ్వు. పుస్తకం రాస్తున్నానని తెలిసి, షిఫ్టు దిగి నేరుగా వచ్చావు. జుట్టు నిండా దూది. కాళ్ళు కూడా కడుక్కోకుండా గుమ్మంలోనే కూర్చుని, "రాసుకోరా తమ్ముడూ" అన్నావు. నీళ్ళు తాగుదామని బయటికొచ్చావట. పత్తి దొంగతనం అవుతోందని మేస్త్రీ నీ వెనకాలే తాళం వేసుకుని పోయాడట. తిరిగొచ్చేసరికి తలుపు సందుల్లోంచి పొగ. లోపల్నుంచి చేతులతో బాదుతున్నారట. పదకొండు పేర్లూ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పావు. నలుగురికే ఊళ్ళో అయినవాళ్ళున్నారు, మిగతా ఏడుగురూ ఎక్కడెక్కణ్ణించో ఒంటరిగా పనికొచ్చినవాళ్ళు, అడగడానికి ఎవరూ రాలేదు, అందుకే కంపెనీ వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారని చెప్పి చేతులు దులుపుకుంది అన్నావు.

నేనేమన్నాను? పెన్ను మూత పెట్టేసి, "అక్కా, చరిత్ర అంటే ఏడుపులు కాదు, కాగితాలు" అన్నాను.

నన్ను చదివించినదానితో అన్నాను ఆ మాట!

అదికాదక్కా, మాకలాగే నేర్పారు. పూర్వం రాజు దగ్గర జీతం తిన్నవాడు రాజు గెలిచాడని రాసేవాడు. అది చరిత్రా, పొగడ్తా అని తర్వాతివాళ్ళు గొడవపడి, కాగితం చూపించు, శాసనం చూపించు, అప్పుడే నమ్ముతాం అన్నారు. మంచిదే కదా? మా గురువు గారు అక్కడివరకే చెప్పారు. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ కాగితాలు ఎవరు రాశారు, రాయడం రానివాళ్ళ సంగతేంటి అని మరికొందరు అడగడం మొదలుపెట్టారని నాకు తెలియనే తెలియదు.

ఎప్పుడు తెలిసింది? జుట్టు నెరిశాక. లెక్చరర్లందరికీ ఏదో ట్రెయినింగు పెట్టారు. ఒకావిడ వచ్చి టేప్‌రికార్డరు నొక్కింది. ఎవరో గని కూలీ పెళ్ళాం, ముసలావిడ, మొగుడు గనిలో కూరుకుపోయిన రోజు పొద్దున ఏం తిని వెళ్ళాడో చెప్తోంది. "ఇది కూడా ఆధారమే. కాగితాన్ని పరీక్షించినట్టే దీన్నీ పరీక్షించాలి. అంతేగానీ పారెయ్యకూడదు" అంది. నువ్వు మా గుమ్మంలో కూర్చున్న రోజు గుర్తొచ్చిందక్కా. సాయంత్రమే నీ దగ్గర కూర్చుని, ఆ పేర్లు మళ్ళీ చెప్పవే అని అడుగుదామనుకున్నాను. సిగ్గేసింది. రేపు అడుగుదాంలే అనుకున్నాను. ఎన్ని రేపులు!

క్లాసులో పిల్లలు అడిగేవాళ్ళు, "సార్, ఎప్పుడో పోయినవాళ్ళ గురించి చదివితే మాకేమొస్తుంది?" అని. చేసిన తప్పులు మళ్ళీ చెయ్యకుండా ఉంటామురా అని అప్పజెప్పేవాణ్ణి. ఇవాళ ఆ లాయరు నా పేజీ చదువుతుంటే అర్థమైంది. నేను రాసినదాని వల్ల ఆ ఏడుగురూ చచ్చిపోయినవాళ్ళలో కూడా లేకుండా పోయారు. పని ఎగ్గొట్టినవాళ్ళయ్యారు! బతికున్నప్పుడు ఒక్కరోజు సెలవు ఎరగనివాళ్ళు.

ఇంకోటుంది అక్కా. ఇది ఆఫీసరుకి చెప్పలేదు. ఆ అమ్మాయికీ చెప్పలేదు.

కాగితం ఉంది. నేను చూశాను.

టైమాఫీసులో మీ హాజరు రాసే గుమాస్తా, నత్తి ఆయన, గుర్తున్నాడా? పుస్తకం ప్రెస్సుకి వెళ్ళకముందు ఓరోజు కాలేజీకి వచ్చాడు. చొక్కా లోపల దాచుకుని హాజరుపట్టీ తెచ్చాడు. ఆ రోజు గోదాము పేజీ తీశాడు. నీది కాక పదకొండు పేర్లు. పదకొండింటి ఎదురుగా లోపలికి వచ్చినట్టు గుర్తు, బయటికి వెళ్ళిన గడి ఖాళీ. నువ్వు చెప్పిన పేర్లే, ఒక్కటి కూడా తేడా లేదు.

"మీ దగ్గరే ఉంచండి, కబురు పెడతాను" అన్నాను. పెట్టలేదు.

భయమా? భయమైనా బావుండేది. మేనేజరు తన ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, అట్ట మీద నీ పేరు ఎంత పెద్దగా వెయ్యమంటావు అని అడిగాడక్కా. ముచ్చటపడ్డాను. అంతే.

గుమాస్తా పోయాడు. పట్టీలన్నీ మిల్లు మూసినప్పుడే లారీల్లో చిత్తుకాగితాలకి పోయాయి. కాగితాలే చరిత్ర అన్నవాణ్ణి!

ఏంటక్కా, అలా చూస్తున్నావు? తిట్టవేం? కళ్ళతోనైనా తిట్టు. నీకు కొత్త సంగతి విన్నట్టే లేదే...

ఆగు. ఆ గుమాస్తా నాకు పరిచయం కూడా లేదు. నా దగ్గరికే ఎందుకొచ్చినట్టు?

నువ్వు పంపావా?

ఊపుతున్నావు. తల ఊపుతున్నావు.

అయితే ఈ ముప్పై అయిదేళ్ళూ నీకు తెలుసు. పుస్తకం అచ్చయిన రోజు నా పక్కన నిలబడి ఫొటో దిగావు. దగ్గరుండి నా పెళ్ళి చేశావు. నా పిల్లలకి నీళ్ళు పోశావు, జడలు వేశావు. నోట్లో మాట ఉన్నన్నాళ్ళూ ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు.

ఎందుకనలేదక్కా? ఎందుకు?

చూడు, నీకు మాట పోయాక అడుగుతున్నాను.