కొంరవ్వ కొసరు

కొంరవ్వ అని ఒక ముసలామె ఉండె. ఈత కల్లు అమ్ముతుండె. చెట్లు రాజుగారివి, గీసేది ఆమె మరిది, అమ్మేది ఆమె. ఊరి బయట తాటికమ్మల పందిరేసుకొని కూసునేది. కల్లంటే ఏం కల్లనుకున్నరు, మజ్జిగ తీరుగ పల్చగ ఉండేదంట. లొట్టి, అంటె చిన్న కల్లు కుండ, రెండు పైసలు. బోయీలు, కూలికి పోయే కైకిలోళ్ళు వచ్చి తలా ఒక లొట్టి తాగి, మూతి తుడుసుకొని, సోయితోనే ఇంటికి పోయేటోళ్ళు. పందిరికి ఎదురుంగ బుగ్గయ్య సారా దుకాణం. వాని సారా బుడ్డి నాలుగు పైసలు. అది తాగినోడు యాడ పడ్డడో వానికే తెల్వదు. నవ్వకు మల్లేశం, నీ సంగతి కాదు చెప్పేది.

ఇగ ఏమైందంటె, ఒకరోజు రాజు పల్లకిల అత్తగారింటికి పోతుండంట. మోసే బోయీలకు పెద్ద పెంటయ్య. ఎండకు ఒక లొట్టి ఎక్కువ తాగిండో, గట్టు మీద కాలే జారిందో, పల్లకి పోయి వరి మడిల పడ్డది. రాజు బురదల కూసున్నడు. నాట్లేసే ఆడోళ్ళు కిసకిస నవ్విన్రంట. రాజుకు పడ్డదానికంటె ఆ నవ్వు ఎక్కువ మండింది. మంత్రిని పిలిచి వీళ్ళెందుకు ఇంత తాగుతున్నరు అంటె, "అగ్గువకు దొరుకుతుంది మారాజా, అందుకే తాగుతున్నరు" అన్నడంట. అంతే, తెల్లారి డప్పు చాటింపు. కల్లు గాని సారా గాని నాలుగు పైసలకు తక్కువ ఎవలన్న అమ్మితే చెట్లు గుంజుకుంటం, దుకాణం మూయిస్తం అని. రాజు తాగే ద్రాక్షసారా నలబై పైసలాయె, ఆయనకేం తక్కువాయె చెప్పుండ్రి.

రాజేమనుకున్నడు, ధర పెరిగితే తాగుడు తగ్గుతదనుకున్నడు. పెంటయ్య పందిరి కాడికి వచ్చి, "అవ్వా, నీ కల్లు మంచిదే. గని నాలుగు పైసలు పెట్టి మజ్జిగ తాగుమంటవా? అదే పైసలకు బుగ్గయ్య కాడ సారా వస్తది గద" అని అటే పోయిండు. వాని ఎనుక అందరు పోయిన్రు. కల్లు తాగేటోడు సారా తాగవట్టె, సోయితోని ఇంటికి పోయేటోడు బజాట్ల పండవట్టె. బుగ్గయ్యకైతె రోజు పండుగే అనుకో. పోటీ లేకపాయె, సారాల నీళ్ళు కలుపుడు షురూ చేసిండు. ఆ లాభం రాజు బొక్కసానికన్న పోయిందా అంటె అదీ లేదు, అంత వాని పెట్టెలకే. కొంరవ్వ కల్లేమో పందిరి కింద పులిసి పులిసి పారబోసుడే. రాజు మనిషి వచ్చి, "అమ్ముడుపోకుంటె చెట్లు ఇంకొకలకు ఇస్తం" అన్నడంట. ఇంకొకలంటె ఎవలు, బుగ్గయ్యే! ఆ చెట్ల మీదికెంచి పడి ఆమె మొగడు సచ్చిపోయిండు. ఆ చెట్లు పోతె ఆమెకు బువ్వ లేదు.

ఆ ఊర్ల ఒక రివాజు ఉండె. ఏది కొన్నా కొసరు లేకుంటె బేరం తెగినట్టు కాదు. ఉప్పు కొంటె ఇంకింత ఉప్పు, కుండ కొంటె మీద మూకుడు. కొసరియ్యనోని ఇంటికి పిల్లను సుత ఇయ్యకపోయేటోళ్ళంట. కొంరవ్వ ఆలోచన చేసింది. లొట్టి నాలుగు పైసలే, గని లొట్టికి లొట్టి కొసరు అన్నది. జనం ఉరికొచ్చిన్రు. బుగ్గయ్య ఊకుంటడా, పోయి రాజుకు మొరపెట్టుకున్నడు. తలారి వచ్చి అవ్వను కొలువుకు గుంజుకపోయిండు. ఏమే ముసల్దానా, నా మాటంటె ఎగతాళా అని రాజు ఒర్రిండు. "నీ బాంచెన్ మారాజా, నాలుగు పైసలకే అమ్మిన, ఒక్క పైస తక్కువ తీసుకోలే" అన్నది. "కొసరంటె పిడికెడు ఉంటది గని, లొట్టికి లొట్టి కొసరా?" అన్నడు రాజు. "నాకేం ఎరుక అయ్యా? మీ మనుషులు శిస్తు కింద మా వడ్లు కొలుసుకపోయేటప్పుడు కుంచానికి కుంచం కొసరు అంటరు. కొసరంటె గంత ఉంటది కావచ్చు అనుకున్న" అన్నది. గంత కొసరు తప్పంటె రాజు గాదెలు సగం ఖాళీ అయితయి. రాజు గొంతు సవరిచ్చుకొని, "కొసరు మన పెద్దల కాలం నుంచి వస్తున్న ఆచారం, దాన్ని ఎవలు ఆపొద్దు" అన్నడంట. సూస్తిరా, ఎంత ధర్మాత్ముడో!

అవ్వ గెలిచింది, కథ అయిపోయిందని లేస్తున్నరా? కూసోండ్రి. ఒక్క లొట్టి తాగే పెంటయ్య ఇప్పుడు ఏం చెయ్యాలె? రెండు పైసలిచ్చి ఒకటే తాగుదామంటె చాటింపు ఒప్పదు. నాలుగు ఇయ్యాలె, రెండు తాగాలె. తాగిండు. రోజూ తాగిండు. వాని పెండ్లాం లింగవ్వ పందిరి కాడికి వచ్చి, "అవ్వా, నీ చెట్లు నిలిచినయి గని నా పొయ్యి ఆరిపోయింది. మునుపు రెండు పైసలు తాగి రెండు పైసలు నా చేతుల పెట్టేటోడు. ఇప్పుడు నాలుగు నీకే పోస్తున్నడు. నా పిల్లలు కల్లు తాగి పండాల్నా?" అని ఏడ్సింది. కొంరవ్వ సిగ్గుతోని తల దించుకున్నది. తెల్లారి పందిరి కింద లొట్ల పక్కన జొన్నల గంప పెట్టింది. పెంటయ్య నాలుగు పైసలిచ్చి, ఒక లొట్టి తాగి, కొసరేదే అవ్వా అంటె, "కొసరు నీ పెండ్లాం కొంగుల పోసిన బిడ్డా, ఇంటికి పోయి తిను" అన్నది. వాడు లొల్లి పెట్టిండు, రాజు కాడికి పోత అన్నడు. "పో కొడుకా, కొసరు ఏమియ్యాల్నో రాజు చెప్పలే" అన్నది. ఇగ ఊరి ఆడోళ్ళంత, తాగితే కొంరవ్వ కాడనే తాగు, బుగ్గయ్య కాడ తాగితే ఇంట్లకు రానియ్య అనవట్టిరి. పెండ్లాలే మొగోళ్ళను కల్లుకు తోలుడు యాడన్న చూసిన్రా?

కొన్నాళ్ళకు రాజు చూస్తె బజాట్ల ఒక్కడు పడిలేడు. "చూసినవా మంత్రీ, నా చాటింపు ఎట్ల పనిచేసిందో" అని మీసం తిప్పి, ఊరి నడుమ రాయి పాతిచ్చిండంట, తాగుడు మాన్పిన మారాజు అని చెక్కిచ్చి. కొంరవ్వ పేరు రాయి ఎనుక పక్క సుత లేదు. ఆ రాయి ఇప్పటికీ ఉన్నది, మన బస్టాండు కాడ. మనోళ్ళు బీరు సీసాల మూతలు దానికే కొట్టి తీస్తరు. నేను సుత తీసిన. అంచు మంచిగుంటది.